పిక్క పద్యం: టీకా తాత్పర్యం

తే. పిక్క నొప్పి తగ్గినదని బిరబిర చని
గట్టుపైఁ బరుగిడువాఁడు కాలు పట్టి
రేవుమెట్టుపైఁ గూర్చుండు రెండు నెలలు;
నడచి పరుగిడువాఁడె పో నరవరుండు.

అవతారిక: రాజరాజ నరేంద్రుడు ఏలిన ఊళ్ళో పుట్టినంత మాత్రాన ప్రతి పద్యమూ నన్నయది కాదు. పుష్కర ఘాట్ నుంచి కోటిలింగాల రేవు దాకా తెల్లారకముందే పరిగెత్తి, పిక్క పట్టేసి ఇంట్లో కూర్చుని, మళ్ళీ బూట్ల తాళ్ళు బిగిస్తున్న రాజమండ్రి వాళ్ళ కోసం పుట్టిందిది. మూలంలో లేనిది రాయనని మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. ఈ వ్యాఖ్యాతకు ఆ బాధ లేదు. పద్యమూ తనదే కనక అడిగేవాడు లేడు.

ప్రతిపదార్థం: పిక్క నొప్పి = మోకాలికి కింద, మడమకు పైన, వెనకవైపు కండలో పుట్టి, లోకంలో ‘నరం మీద నరం ఎక్కింది’ అనిపించుకునే బాధ; తగ్గినదని = మేడ మెట్లు దిగేటప్పుడు తెలియలేదు కనక ఇక లేదని తీర్మానించుకొని; బిరబిర చని = కాఫీకి కూడా ఆగకుండా వెళ్ళి; గట్టుపైన్ = గోదావరి గట్టు మీద; పరుగిడువాఁడు = మానేసిన నాటి వేగంతోనే పరిగెత్తేవాడు; కాలు పట్టి = కాలు పట్టేసి; రేవుమెట్టుపైన్ = స్నానాల రేవు మెట్టు మీద; రెండు నెలలు = వచ్చేపోయేవాళ్ళందరి సలహాలూ వినడానికి చాలినంత కాలం; కూర్చుండు = కూలబడును; నడచి = ముందు నడిచి; పరుగిడువాఁడె పో = ఆ తర్వాత పరిగెత్తేవాడే సుమా; నరవరుండు = మనుషుల్లో మేటి.

తాత్పర్యం: నొప్పి ముందు పోతుంది, సత్తువ చాలా తర్వాత వస్తుంది. ఆ రెంటికీ మధ్య ఉన్న రోజుల్లోనే మనిషి దెబ్బ తింటాడు.

వివరణ: పరిగెత్తేటప్పుడు అడుగు పడ్డ ప్రతిసారీ ఒంటి బరువుకు రెండు నుంచి మూడింతల ఒత్తిడి ఆ ఒక్క కాలి మీద పడుతుంది. డెబ్బై కిలోల ఆసామీ కాలు ప్రతి అడుగుకీ ఎంత మోయాలో ఆయనే లెక్క వేసుకోవచ్చు. మంచం మీద గడిపిన వారాల్లో నొప్పితో పాటు ఆ మోసే శక్తి కూడా తగ్గుతుంది. ధవళేశ్వరం దగ్గర వేసవిలో కట్టేసిన కాలువలకు నీళ్ళు వదిలేటప్పుడు తలుపులన్నీ ఒక్కసారి ఎత్తరు, ఎత్తితే ఎండి బీటలిచ్చిన గట్టుకు గండి పడుతుంది. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన నాటి నుంచీ నీటి ఒడుపు తెలిసిన డెల్టావాసికి తన కాలి విషయంలో మాత్రం అది గుర్తు రాదు.

పూర్వపక్షం: ‘ఆయ్, సున్నం బెల్లం పట్టు వేస్తే తెల్లారేసరికి లేచి కూర్చుంటారండి’ అని ఒకరు. ‘వావిలాకు నీళ్ళ కాపడమే దీనికి మందు’ అని మరొకరు. ‘ఐసు పెట్టండి అంకుల్’ అని చెవుల్లో ఇయర్‌ఫోన్లున్న కుర్రాడు. ఐసు మాటను 1978లో తన పుస్తకంతో లోకమంతా వ్యాపింపజేసిన అమెరికా వైద్యుడు గేబ్ మర్కిన్, అది గాయం మానడాన్ని ఆలస్యం చేయవచ్చని తర్వాత తానే ఒప్పుకున్నాడు. కాపడమూ పట్టూ ఉపశమనం ఇస్తే ఇవ్వనీ. కండకు బరువు మోయడం నేర్పే శక్తి వాటికి లేదు.

సిద్ధాంతం: పద్యంలో మెట్టును కవి ఊరికే పెట్టలేదు. స్వీడన్‌లో హాకన్ ఆల్ఫ్రెడ్‌సన్ అనే ఎముకల వైద్యుడికి, పిక్క కండ దిగి మడమను పట్టుకునే చోట ఉన్న స్నాయువు విడవకుండా నొప్పెట్టేది. ఆపరేషన్ చేయమంటే పై అధికారి కుదరదన్నాడు. సరే, ఇంకా పాడు చేసుకుంటే చేయక ఏం చేస్తారని, నొప్పి పుట్టే కసరత్తే పనిగట్టుకుని చేశాడు. స్నాయువు తెగలేదు సరిగదా, బాగుపడింది. ఆపైన 15 మంది పరుగువాళ్ళ చేత 12 వారాలు చేయించి, 1998లో ఫలితం అచ్చు వేశాడు. అందరూ మళ్ళీ పరిగెత్తారు. కసరత్తు ఇంతే: మెట్టు అంచున మునివేళ్ళ మీద నిలబడి, మడమను మెల్లగా కిందికి దించడం. అంటే పద్యనాయకుడు రెండు నెలలు కూర్చున్న మెట్టే అతని మందు, లేచి నిలబడి ఉంటే. అయితే ఏ గాయానికి ఏ కసరత్తో ఫిజియోథెరపిస్టు చూసి చెప్పాలి.

‘నడచి’ అన్న మాటకు ప్రయోగం: ముందు నొప్పి లేకుండా అరగంట చురుకైన నడక. అది కుదిరాక ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, రోజు విడిచి రోజు. పరీక్ష గట్టు మీద జరగదు, మర్నాడు పొద్దున మంచం దిగి వేసే మొదటి అడుగులో జరుగుతుంది. అక్కడ నొప్పి పెరిగి ఉంటే వెనకటి మోతాదుకే పోవాలి.

దృష్టాంతం: ఆంధ్రదేశంలో పరుగువాళ్ళకు లోటు లేదు. తణుకు అమ్మాయి దండి జ్యోతికశ్రీ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 4×400 రిలే పరిగెత్తింది. విశాఖ హర్డిల్స్ రాణి జ్యోతి యర్రాజీ 2025 మేలో కొరియాలోని గుమిలో ఆసియా స్వర్ణం గెలిచి, ఆ వెనకే శిక్షణలో మోకాలి లిగమెంటుకు దెబ్బ తగిలి, శస్త్రచికిత్స చేయించుకుని, టోక్యో ప్రపంచ పోటీలకు దూరమైంది. అలాంటి దెబ్బకు తొమ్మిది నెలలైనా ఆగమంటారు వైద్యులు. ఆమె కాలే అన్నాళ్ళు ఆగాల్సి వస్తే, బజ్జీల బరువు తగ్గడానికి పరిగెత్తే మన కాలికి తొందరేమిటో?

పాఠాంతరం: కొందరు మూడో పాదం చివర ‘రెండు రోజులు’ అని చదువుతారు. అది ఛందోభంగం. తేటగీతి పాదం సూర్యగణంతో ముగియాలి. ‘నెలలు’ నగణం కనక చెల్లుతుంది, ‘రోజులు’ భగణం కనక చెల్లదు. అయినా వాళ్ళు అలాగే చదువుతున్నారు, మళ్ళీ మెట్టు మీదికే వస్తున్నారు.