నేను దొనకొండ మస్టరుని

నేను మస్టరుని, కూలీల హాజరు పుస్తకాన్ని. మార్కాపురంలో ఒక కొట్లో కొని, పలుగులూ పారలూ వేసిన ట్రాక్టరులో నన్ను దొనకొండ తెచ్చారు. గుంటూరు–గుంతకల్లు రైలు మార్గం పక్కన రెండో లైను వేసే పనిలో ఒక చిన్న కాంట్రాక్టరు స్టేషనుకు కొంత దూరంలో రేకుల షెడ్డు వేశాడు. అక్కడ బల్ల మీద నా బతుకు మొదలైంది. పొద్దున టైంకీపరు నన్ను తెరిచి, వచ్చినవాళ్లకు టిక్కు, రానివాళ్లకు నాగా, మధ్యాహ్నం వెళ్లిపోయినవాళ్లకు సగం పూట వేసేవాడు.

దొనకొండకు రైలే పేరు తెచ్చింది. మీటరు గేజి రోజుల్లో ఇక్కడ లోకో షెడ్డు ఉండేది. రైల్వేలో చేసి రిటైరైన తాతల పింఛను మీద పిల్లల్ని చదివించుకున్న ఇళ్లు ఈ ఊళ్లో ఉన్నాయి. పాత లైను మీద పనిచేసే గ్యాంగ్‌మన్లు మా షెడ్డు ముందు నుంచే వెళ్లేవారు. వాళ్లకు రైల్వే వారి సొంత ప్రావిడెంట్ ఫండూ పింఛనూ ఉన్నాయి. 2004 జనవరి 1 తర్వాత చేరినవారికైతే కొత్త పింఛను పద్ధతి. ప్రభుత్వం తన ఉద్యోగులకు ఇలాంటి ఏర్పాటు చేసినచోట 1952 నాటి ఉద్యోగుల ప్రావిడెంట్ ఫండ్ (ఈపీఎఫ్) చట్టం వర్తించదని ఆ చట్టంలోని 16వ సెక్షనే చెప్పింది. కానీ నాలో పేర్లున్నవాళ్లు రైల్వే ఉద్యోగులు కారు. అదే కంకర మీద, అదే ఎండలో పనిచేసినా వీళ్లకు ఆ పింఛను రాదు. వీళ్లకున్న పెద్ద ఆధారం ఈపీఎఫే. అందుకే ఎవరు అందులోకి వస్తారు, ఎవరు రారు అన్నది నా మట్టుకు అన్నిటికంటే పెద్ద విషయం.

నాలో మొదట రాసినవి 17 పేర్లు. "ఇరవై మంది లేరు గదా, మనకు పీఎఫ్ ఏంది?" అన్నాడు కాంట్రాక్టరు. ఆ అంకె అతను కల్పించింది కాదు. 1952లో సిమెంటు, సిగరెట్లు, ఇంజనీరింగు, ఇనుము–ఉక్కు, కాగితం, బట్టల మిల్లులు అనే ఆరు పరిశ్రమలతో చట్టం మొదలైనప్పుడు 50 మంది ఉంటేనే వర్తించేది. 1960లో దాన్ని 20కి దించారు. నిర్మాణ పనులు 1980లో ఇందులోకి వచ్చాయి. 2020లో పార్లమెంటు చేసిన సామాజిక భద్రతా స్మృతిలోనూ అదే 20 నిలిచింది. అయితే ఆ ఇరవై మందిని ఒక్క షెడ్డులోనే లెక్కపెట్టమని చట్టం ఎక్కడా అనలేదు. కురిచేడు దగ్గర అదే కాంట్రాక్టరుకు ఇంకో క్యాంపు ఉంది, అక్కడ నాలాంటి మస్టరు మరొకటి ఉంది. ఒక యజమాని సంస్థకు ఎన్ని శాఖలున్నా అన్నీ కలిపి ఒకే సంస్థ అని 2ఏ సెక్షను. మేమిద్దరం పక్కపక్కన కూర్చుంటే ఇరవై ఎప్పుడో దాటింది. పైగా ఒకసారి చట్టం కిందికి వచ్చిన సంస్థ, తర్వాత మనుషులు తగ్గినా అందులోంచి బయటపడదు.

ఇక ఆ లెక్కలో ఎవరెవరు? వంట చేసే పెద్దమ్మ ఉంది, రాత్రి కాపలా ఉండే ముసలాయన ఉన్నాడు, మేస్త్రి తెచ్చిన కంకర గ్యాంగు ఆడవాళ్లు ఉన్నారు. సంస్థ పని మీద కూలి తీసుకునే ప్రతి మనిషీ చట్టం దృష్టిలో ఉద్యోగే. నెలజీతమా రోజుకూలా అన్న తేడా లేదు. యజమాని నేరుగా పెట్టుకున్నాడా, మేస్త్రి ద్వారానా అన్న తేడా లేదు. ఒకప్పుడు కొంతకాలం పనిచేశాకే సభ్యత్వం వచ్చేది. 1990 నవంబరు 1 నుంచి చేరిన మొదటి రోజే సభ్యత్వం. కానీ కంకర గ్యాంగు పేర్లు నాలో ఎక్కలేదు. వాళ్లను టైంకీపరు ఒక విడి కాగితం మీద రాసి, శనివారం బట్వాడా కాగానే చించేసేవాడు. ఆ కాగితం చినిగినప్పుడల్లా వాళ్లు ఆ వారం చేసిన పనికి సాక్ష్యం లేకుండా పోయేది.

ఒక బట్వాడా రోజు కాంట్రాక్టరు రాసి తెచ్చిన కాగితం మీద అందరి వేలిముద్రలూ వేయించుకున్నారు. "మాకు పీఎఫ్ వద్దు, కూలి పూర్తిగా చేతికివ్వండి" అని అందులో ఉంది. వేసినవాళ్లను నేను తప్పుపట్టను. బోరు ఎండిపోయి అప్పు తీర్చాల్సినవాడికి ఇవాళ చేతికందే నోటే ముఖ్యం. కానీ ఆ కాగితం చెల్లదు. జీతం 15,000 రూపాయల లోపు ఉన్నవాడికి పీఎఫ్ వద్దనుకునే వెసులుబాటు చట్టంలో లేదు, యజమానికి అసలే లేదు. ఆ కాగితం వల్ల కూలీ పోగొట్టుకునేదెంతో చూడండి. రోజుకు 500 చొప్పున 26 రోజులు చేస్తే నెలకు 13,000. అందులో 12 శాతం, అంటే 1,560 కూలీ వాటా. యజమాని తన జేబులోంచి మరో 1,560 వేయాలి. అతని వాటాలో 1,083 పింఛను పథకానికి, 477 పీఎఫ్ ఖాతాకు పోతాయి. ఇవిగాక బీమాకు కట్టాల్సినదీ యజమానే కడతాడు. పనిలో ఉండగా కూలీ చనిపోతే ఇంటివాళ్లకు ఆ బీమా కింద 7 లక్షల దాకా వస్తుంది. వేలిముద్ర వేసినందుకు చేతికొచ్చింది తమ సొంత 1,560. ఎదుటివాడు వేయాల్సిన 1,560, దాని వడ్డీ, పదేళ్ల సర్వీసుకు వచ్చే పింఛను హక్కు, బీమా అన్నీ వదులుకున్నట్టే. కొన్నిచోట్ల యజమాని వాటా కూడా కూలీ డబ్బులోంచే కోస్తారు. ఆ కోత కూడా చట్టవిరుద్ధమే.

మరి నిజంగా పీఎఫ్ అక్కర్లేనివాళ్లు లేరా? ఉన్నారు. వాళ్లను చూశాకే నాకు ఈ నియమాల న్యాయం అర్థమైంది. సైటు ఇంజనీరు కుర్రాడికి ఇది మొదటి ఉద్యోగం, జీతం 22,000. ఇంతకుముందు ఎక్కడా పీఎఫ్ సభ్యుడు కాదు. చేరేనాటికి జీతం 15,000 దాటింది కాబట్టి అతను మినహాయింపు పొందిన ఉద్యోగి. తనూ యజమానీ కలిసి కోరితే చేరవచ్చు. అయినా ఇరవై మంది లెక్కలో అతనూ ఒకడే. రాత్రి కాపలా ముసలాయన గుంటూరులో స్పిన్నింగు మిల్లులో పనిచేసి, 55 దాటాక రిటైరై, పీఎఫ్ మొత్తం తీసేసుకున్నాడు. ఆయనా మినహాయింపే. అప్రెంటిస్ చట్టం కింద వచ్చిన ఐటీఐ కుర్రాళ్లు ఉద్యోగుల కిందికి రారు. కానీ ఆ చట్టం కింద నమోదు చేయకుండా నాలో 'ట్రైనీ' అని రాసినంత మాత్రాన ఎవడూ అప్రెంటిస్ అయిపోడు.

జేసీబీ నడిపే అబ్బాయి సంగతి వేరు. నాలుగేళ్లు హైదరాబాదులో చేసి వచ్చాడు, ఇక్కడ జీతం 18,000. "పదిహేను దాటింది గదా, నీకు పీఎఫ్ లేదు" అన్నారు. చేరేటప్పుడు నింపే ఫారం 11లో ఒక ప్రశ్న ఉంటుంది: ఇంతకుముందు పీఎఫ్ సభ్యుడివా? పీఎఫ్ సభ్యులకిచ్చే యూఏఎన్ నంబరు అతనికి హైదరాబాదు నాటిదే ఉంది, ఖాతాలో డబ్బు అలాగే ఉంది. పాత సభ్యుడు కొత్త చోట ఎక్కువ జీతానికి చేరినా సభ్యుడే. కనీసం 15,000 మీద 1,800 చొప్పున ఇద్దరూ కట్టి తీరాలి. ఆ పరిమితి 2001లో 6,500 ఉండేది, 2014 సెప్టెంబరు 1న 15,000 అయింది. సభ్యుడయ్యాక జీతం దాన్ని దాటినా సభ్యత్వం పోదు.

ఇంకో ఎత్తు కూడా చూశాను. పొక్లెయిన్ డ్రైవరు జీతం 14,000 అయితే, 7,000 బేసిక్కనీ 7,000 అలవెన్సనీ విడగొట్టి, 12 శాతాన్ని మొదటిదాని మీదే లెక్కకట్టారు. 1,680 పడాల్సినచోట 840 పడింది. అందరికీ మామూలుగా ఇచ్చే అలవెన్సు కూడా పీఎఫ్ లెక్కలోకి వస్తుందని వివేకానంద విద్యామందిర్ కేసులో సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరి 28న తేల్చింది.

చట్టంలోనే మినహాయింపు అన్న మాటకు మరో అర్థం కూడా ఉంది. కొన్ని పెద్ద సంస్థలు సొంత ట్రస్టు పెట్టుకుని పీఎఫ్ నడుపుతాయి. ప్రభుత్వ పథకం కంటే తక్కువ ఇవ్వకూడదన్న షరతు మీదే ఆ అనుమతి. సింగరేణి కార్మికుడికి 1948 నాటి బొగ్గు గనుల పీఎఫ్ చట్టం వేరే ఉంది. ఈ మినహాయింపులన్నిటి వెనకా ఒకటే తర్కం: మనిషికి ఇంకోచోట భద్రత ఉండాలి, లేదా అతను తన జాగ్రత్త తాను చూసుకోగల జీతంతో మొదలుపెట్టి ఉండాలి. చట్టం కిందికి వచ్చిన సంస్థలో ఏ ఆధారమూ లేనివాణ్ని వదిలేయడానికి అది ఏ సందూ ఇవ్వలేదు.

చివరికి పీఎఫ్ ఆఫీసు నుంచి అధికారి వచ్చారు. నన్నూ కురిచేడు మస్టరునీ జీతాల రిజిస్టరునీ క్యాష్ వోచర్లనూ బల్ల మీద పరిచి పోల్చి చూశారు. కంకర గ్యాంగుకు ఇచ్చిన డబ్బు వోచర్లలో ఉంది, పేర్లు నాలో లేవు. బకాయి తేల్చే 7ఏ సెక్షను కింద విచారణ జరిగింది. కాంట్రాక్టరు కట్టకపోతే పని అప్పగించిన ప్రధాన యజమాని కట్టి, బిల్లులోంచి కోసుకోవచ్చన్నది చట్టం. ఆ మాటకు బిల్లు ఆగుతుందని కాంట్రాక్టరుకు అర్థమైంది. బకాయి కట్టాడు. ఆ నెల నాలో కంకర గ్యాంగు ఆడవాళ్ల పేర్లు ఒక్కొక్కటే ఎక్కాయి, ఆధార్ నంబర్లతో సహా. నా పుటలకు అంతకంటే గౌరవమైన రోజు రాలేదు.

పని చేస్తున్న తల్లులారా, తండ్రులారా, బట్వాడా రోజు కూలి లెక్క అడిగిన నోటితోనే నా పేరు మస్టరులో ఉందా, యూఏఎన్ నంబరు ఎంత అని అడగండి. ఫారం 11లో ఏం రాశారో చదివించుకున్నాకే వేలిముద్ర వేయండి. ఇప్పటికే ఆలస్యమైందని వెనక్కి తగ్గకండి. సభ్యత్వం పేరు రాసిన రోజు నుంచి రాదు, పనిలో చేరిన రోజు నుంచే వస్తుంది. ఆనాటి నుంచీ మీ వాటా లెక్క కట్టమని అడిగే హక్కు మీది.