ఏరివేత మహోత్సవము

ప్రజలకు అన్నము పెట్టుటకంటె, అన్నము పెట్టదగినవా డెవడో నిర్ణయించుటయే ఘనకార్యమని మన ప్రభుత్వములు ఏనాడో తేల్చుకొన్నవి. అప్పుడప్పుడు పత్రికలలో నొక ప్రకటన వెలువడుచుండును: ఇన్ని లక్షల బోగస్ కార్డులు ఏరివేసితిమి, ఇన్ని కోట్ల రూపాయలు ఖజానాకు ఆదా చేసితిమి, యంత్రాంగమునకు అభినందనలు. ఆ లక్షలలో నిజముగా బోగస్ ఎన్నియో, కార్డు పోయిన మరునాడు చేట పుచ్చుకొని పొరుగింటి గడప యెక్కినవా రెందరో ఆ ప్రకటనలో కానరాదు. కానరావలసిన అగత్యమును లేదు. పంచని బియ్యమెల్ల మిగులుబియ్యమే, మిగిలినదెల్ల ఆదాయే. ఈ లెక్కను బట్టి పస్తున్నవాడు సైతము రాజ్యమునకు పొదుపు చేసిపెట్టిన పుణ్యాత్ముడే యగునన్నమాట!

1983లో నందమూరి తారకరామారావు కిలో రెండు రూపాయల బియ్యము పథకమును ఆరంభించి తెల్లకార్డునకు ఇంటింట గౌరవము తెచ్చిరి. ముప్పదియేండ్లకు, 2013లో, పార్లమెంటు ఆహారభద్రతా చట్టము చేసి, పల్లెలలో నూటికి 75 మందివరకును, పట్టణములలో 50 మందివరకును తిండిగింజలు హక్కుగా ముట్టవలెననెను. మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కుటుంబమునకు 35 కిలోలు. 2023 జనవరి 1 నుండి కిలోకు మూడు రూపాయలను నామమాత్రపు వెలయును తొలగి, ఆ బియ్యము ఉచితమైనది. ఇంతవరకు సర్వము రమణీయముగానే యున్నది. అయితే ఆ హక్కునకు నోచుకొన్నవా రెందరను సంఖ్యను 2011 జనాభా లెక్కలకు బిగించి తాళము వేసిరి. లెక్కల కాలమునకు ముందే పుట్టవలెనన్న ఇంగితము లేక ఆలస్యముగా భూమిమీద పడిన కోట్లకొలది శిశువుల పుణ్యమా యని, దాదాపు 10 కోట్లమంది తలుపు వెలుపల నిలిచిరని జీన్ డ్రేజ్, రీతికా ఖేరా అను ఆర్థికశాస్త్రజ్ఞులు 2020లో లెక్కగట్టిరి.

ఇక తలుపునకు లోపల నున్నవారి మాట. పేదవాడు పేదవాడేనని తేల్చుటకు ఆంధ్రప్రదేశమున ఆరంచెల పరిశీలన యను నొక శాస్త్రము పుట్టినది. భూమి యెంత? కారున్నదా? ఇంట సర్కారు కొలువు గలవా డున్నాడా? ఆదాయపుపన్ను కట్టుచున్నాడా? పట్టణములో నిల్లున్నచో దాని వైశాల్య మెంత? నెలకు కరెంటు వాడకము 300 యూనిట్లు దాటినదా? ప్రశ్నలన్నియు సబబైనవే, ఏ యొక్కదానిని విడిగా తీసికొన్నను తప్పుపట్టుటకు వీలులేదు. చిక్కెల్ల జవాబు చెప్పునది రికార్డగుటలో నున్నది. నాలుగు వాటాల పెంకుటింటికి ఒకే మీటరుండి, దాని సగటు 300 దాటినచో, ఆ మీటరునకు ఎవరి ఆధారు తగులుకొన్నదో వారు, వెనుకవాటాలో ఒక్క ఫ్యానుక్రింద ఆరుగురు పడుకొనువారైనను సరే, తెల్లవారుసరికి శ్రీమంతులగుదురు. కొత్తకోడలి గతి మరియు విచిత్రము. అత్తవారి కార్డులో పేరెక్కవలెనన్న ముందుగా పుట్టింటి కార్డునుండి పేరు తీసివేయింపవలెను. తీసివేయుట ఇట్టే యగును. ఎక్కించుటకు పోయినచో "సైట్ ఇంకా ఓపెన్ కాలేదమ్మా" యందురు. తెలంగాణమున ఈ మాట ఏండ్లతరబడి వినబడి, వినబడి, కొత్తకార్డుల పంపకము పెద్దయెత్తున 2025 జూలైలోగాని సాగలేదు. ఈలోపల పెండ్లియైన ఆడపడుచు బిడ్డలను కని, వారిని బడికి పంపుచున్నను, సర్కారు దృష్టిలో ఏ యింట భోజనము చేయుచున్నదో తేలని సందిగ్ధజీవిగానే కాలము గడపెను.

తనిఖీకి మనిషిని పంపినచో అతడు జాలిపడునేమో యను భయముచేత కాబోలు, ఆ పనిని కంప్యూటరున కప్పగించుట నేటి మర్యాద. తెలంగాణమున సమగ్ర వేదిక యను వ్యవస్థ యొకటి కలదు. అది వాహనముల జాబితాను, ఆస్తుల జాబితాను, ఇంకను పెక్కు జాబితాలను ఒకచోట చేర్చి, పేర్లను పోల్చి చూచి, వీడే వాడని నిర్ణయించును. హైదరాబాదులో రిక్షా త్రొక్కి బ్రదికిన ఒకానొకనికి అది పేరులోని పోలికను బట్టి కారును ప్రసాదించెను. కారు గల యింటికి చౌకబియ్యమేల యని ఆ కుటుంబపు కార్డు కాస్తయు పోయెను. వరమిచ్చు దేవతలు వస్తువు నిచ్చుట పురాణములలో చదివితిమిగాని, వస్తువు లేకుండ కేవలము దాని యాజమాన్యమును మాత్రమే అనుగ్రహించిన దేవత ఏ పురాణమునందును కానరాలేదు. నోటీసైనను ఇయ్యకుండ రద్దు చేసితిరేమని కొందరు న్యాయస్థానమున కెక్కగా, దాదాపు 19 లక్షల రద్దుకార్డులను క్షేత్రమునకు పోయి మరల పరిశీలింపుడని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చినది. అనగా యంత్రము చేసిన పని సరియైనదో కాదో చూచుటకు, యంత్రము రాకమునుపు ఏ మనిషి పోయి చూచుచుండెనో ఆ మనిషే మరల పోవలెనన్నమాట.

ఈ గండములన్నియు గట్టెక్కినవారికి తుదిపరీక్ష చౌకధరల దుకాణముకడ నుండును. భీమవరము చుట్టుపట్ల రొయ్యల షెడ్డులలో మంచునీటిలో చేతులు పెట్టి పొద్దస్తమానము తలలు త్రుంచు ఆడువారికిని, నిజామాబాదు ప్రాంతమున తరతరములుగా బీడీలు చుట్టువారికిని, వ్రేలికొనలమీది గీతలు అరిగిపోవుట అందరెరిగినదే. అట్టి యొక ముసలమ్మ సంచి చంకను బెట్టుకొని వచ్చి ఈపోస్ యంత్రపు గాజుమీద బొటనవ్రేలు మోపును. పడదు. కొంగుతో తుడుచుకొని మోపును, పడదు. పాపిటలో రాచి తలనూనె యంటించుకొని మోపును, పడదు. చూపుడువ్రేలు, ఉంగరపువ్రేలు, ఎడమచేయి, కుడిచేయి. పదివ్రేళ్ళును పరీక్షకు కూర్చుండి పదియు తప్పును.

"మామ్మా, నీ వేలు పడట్లేదు. ఆధార్ సెంటర్‌కెళ్లి అప్‌డేట్ చేయించుకు రా."

"పోయిన్నెల పడింది కదా బాబూ! అదే వేలు."

"వేలు అదేలే మామ్మా, సర్వర్ తేడాగా ఉంది. మధ్యాహ్నం వచ్చి చూడు."

డీలరు దుర్మార్గుడు కాడు. ఆమెను చిన్ననాటినుండి ఎరుగును. ఆమె పెనిమిటి పోయినప్పుడు పాడె మోసినవాడు. కాని అతని కన్నులతో చూచి ఆమె ఆమెయే యని చెప్పుట నేడు సాక్ష్యము కాదు. ఎచటనో యున్న సర్వరు ఔననవలెను. ఐరిస్ ఉన్నదిగదా, ఓటీపీ ఉన్నదిగదా, నిబంధనలలో మినహాయింపు లున్నవిగదా యని పైవారు సెలవిత్తురు. శుక్లములు కమ్మిన కంటికి ఐరిస్ యంత్రమును, ఫోనులేని చేతికి ఓటీపీయును కలిగించు ఉపశాంతి వర్ణనాతీతము.

సహాయము చేయువారు లేరనుట కృతఘ్నత. సచివాలయమున కేగినచో ఆధారు కేంద్రమునకు దారి చూపుదురు, ఆధారు కేంద్రమువారు పేరులో నొక అక్షరము తేడా యున్నదని తహసీల్దారు కార్యాలయమునకు దారి చూపుదురు, అచటివారు మీసేవకు దారి చూపుదురు. ఒక దినపు కూలి వదలుకొన్నచో మండలమంతయు దారి తెలియును. 2025లో ఈకేవైసీ చేయించుకొననిచో బియ్యము నిలిచిపోవునని బెదరించుటయు, గడువు పొడిగించుటయు, మరల బెదరించుటయు సాగినది. ఇక బియ్యము ఇంటికి పోవలెనా, ఇల్లు బియ్యముకడకు రావలెనా యను మీమాంస వేరు. 2021 జనవరిలో ఆంధ్రప్రదేశమున 9,260 బండ్లు వీధులలోనికి కదలెను; ప్రభుత్వము మారినపిదప అవి ఆగి, 2025 జూన్ 1 నుండి మరల దుకాణములే తెరువబడెను. ఒకరి పద్ధతి దొంగతనమునకు మూలమని రెండవవా రనిరి. రెండవవారి పద్ధతి పేదలకు శిక్షయని మొదటివా రనిరి. రెండింటిలోను మామ్మ వ్రేలు మాత్రము గాజుమీదనే యుండెను.

"అయితే దొంగకార్డులు లేవందువా?" యని పెద్దలు గద్దింపవచ్చును. ఉండినవి, చచ్చినవారి పేర మోసిన బస్తాలును ఉండినవి. యంత్రమువలన మేలును లేకపోలేదు: శ్రీకాకుళమునుండి హైదరాబాదునకు తాపీపనికి వచ్చినవాడు తన కార్డుమీద అచ్చటనే బియ్యము తీసికొనగల వెసులుబాటు 2019 నుండి కలిగినది. కాని నేటి దొంగతనము వ్రేలు పడినపిదప జరుగుచున్నది. ముద్ర పడును, రసీదు వచ్చును, అంతయు సక్రమము. ఆ దొడ్డుబియ్యమును వీధిచివర నిలిచిన దళారి కారుచౌకగా కొని మిల్లునకు తోలును, మిల్లు దానికి పాలిషు పట్టి క్రొత్త సంచిలోనికి మార్చును. ఆధారమడుగుట నోటికే, బస్తా నెవ్వరు నడుగరు. తెలంగాణ ప్రభుత్వము 2025 ఉగాదినాడు సన్నబియ్యము మొదలిడుట, తినదగినది పెట్టినచో అమ్ముకొనువారు తగ్గుదురని ఎట్టకేలకు గ్రహించుటయే. ఆ గ్రహింపునకు ఇన్ని దశాబ్దములు పట్టుట వేరుమాట.

అన్నట్లు, ఆహారభద్రతా చట్టపు 8వ విభాగమున నొక చిత్రమైన వాక్యము కలదు: హక్కుదారునకు ధాన్య మందనిచో ప్రభుత్వము ఆహారభద్రతా భత్యమును చెల్లింపవలెనట. "స్టాక్ రాలేదు", "సర్వర్ పనిచేయుట లేదు" అను అట్టముక్కలు దుకాణములకు వ్రేలాడుట చూచితినిగాని, ఈ వాక్యము వ్రాసిన అట్టముక్క నా కంట పడలేదు.

2024 నవంబరు చివర ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ కాకినాడ సముద్రములోనికి పోయి స్టెల్లా ఎల్ అను ఓడను జప్తు చేయుడని ఆజ్ఞాపించుట తెలుగువారెల్లరు ఫోనులలో చూచినదే. అధికారులు తరువాత పరీక్షించి, అందులో 1,320 టన్నుల రేషన్ బియ్యమున్నదని తేల్చిరి. తల కైదు కిలోల చొప్పున 2,64,000 మందికి ఒకనెల బత్తెము. ఆ బియ్యము దుకాణముననో గోదామునో మిల్లుననో ఎచట దారితప్పినదో గాని, తీరము చేరువరకు దాని నే గాజుపలకయు ఆపలేదు. నిజమునకు ఆపుటకు కారణమును కానరాదు. ఆ ఓడకు ఆరంచెల పరిశీలన జరిపి చూడుడు: సెంటు భూమి లేదు. పట్టణములో నిల్లు లేదు. నాలుగు చక్రములు కాదుగదా, అసలు చక్రములే లేవు. ఇంట సర్కారు కొలువువా డెవ్వడును లేడు. ఆదాయపుపన్ను రిటర్ను దాఖలు చేసిన ఓడ నెవ్వరు నెరుగరు. కరెంటు మీటరు లేదు. ఇట్టి నిరుపేద ముల్లోకములలో నుండదు. ఇక వేలిముద్రయందురా, అసలు వ్రేళ్ళే లేనిదానిని ముద్ర వేయుమని అడుగుట అమానుషమని మినహాయింపు ఇచ్చియుందురు; మామ్మకు పదివ్రేళ్ళుండుటచేత ఆ సౌకర్యము వర్తింపలేదు.