గగనోపవాసం: టీకా తాత్పర్య సహితం

ఆ.వె.
గంట గగనయాత్ర గడిచెడు లోపల
నన్నమేది యనుచు నడుగఁ దగదు
కార్డు గీచినంతఁ గప్పులో నుప్మాయె
నీరు పోయ నుబ్బు నిన్నుఁ జూచి

అవతారిక: దగ్గరి ఊళ్లకు ఎగిరే విమానాల్లో ఎకానమీ తరగతివారికి ఉచిత భోజనం ఆగిపోయిన కాలంలో, ఆకలిగొన్న ప్రయాణికుణ్ణి ఓదారుస్తూ చెప్పిన పద్యమిది. కవి ఎవరో తెలియదు. విమాన సిబ్బందిలో ఒకరని కిటికీ పక్క సంప్రదాయం. కాదు, మధ్య సీటులో ఇరుక్కున్నవారెవరో అని నడవ పక్క సంప్రదాయం. పద్యంలోని ఓర్పు చూస్తే మధ్య సీటే నిజమనిపిస్తుంది.

టీక: గంట గగనయాత్ర = ఒక గంటసేపు ఆకాశమున చేయు ప్రయాణము; గడిచెడు లోపలన్ = ముగియు లోపల; అన్నము + ఏది + అనుచున్ = భోజనమెక్కడ అని; అడుగన్ + తగదు = అడుగుట మర్యాద కాదు; కార్డు గీచినంతన్ = సిబ్బంది చేతి యంత్రమున కార్డు గీచిన తక్షణమే; కప్పులోన్ = కాగితపు గిన్నెయందు; ఉప్మాయె = ఉప్మా మాత్రమే; నీరు పోయన్ = వేడినీళ్లు పోయగా; నిన్నున్ + చూచి = నీ అవస్థ కని; ఉబ్బున్ = పొంగును.

విశేషాలు: ‘గంట’ అని కవి ఊరికే అనలేదు. హైదరాబాద్ నుంచి విజయవాడకు గంట, విశాఖకు గంటంపావు. అందులో విమానం నేల మీద పాకే సమయం తీసేయాలి. బెల్టు దీపం ఆరేదాకా ఎవరూ లేవకూడదు. దిగడం మొదలయ్యాక బల్ల మూసేయాలి. నికరంగా మిగిలేది అరగంట. ఎయిర్‌బస్ 320లో సుమారు 180 మంది తినేవాళ్లు, వడ్డించడానికి నలుగురు. పెళ్లి భోజనాల్లో ఒక్క బంతి లేవడానికే ముప్పావు గంట పడుతుంది; అక్కడ వడ్డించేవాళ్లు ఒకరి వెనక ఒకరు ఒకే సందులో తోపుడుబండి నెట్టుకుంటూ రావలసిన పని కూడా లేదు. పైగా పొయ్యిలు, బండ్లు, పళ్లేలు అన్నీ బరువే, బరువంటే ఇంధనమే. దిగాక ఎంగిలి పళ్లేలు ఏరి, మెతుకులు ఊడ్చి, అరగంటలో అదే విమానాన్ని మళ్లీ పైకి లేపాలి. కాబట్టి అన్నం మానేయడంలో న్యాయం ఉంది. వ్యాఖ్యాతకు దీనిమీద పెద్దగా ఫిర్యాదు లేదు. ఫిర్యాదు వేరే ఉంది, ముందు వస్తుంది.

పూర్వపక్షం: అతిథికి పెట్టకుండా అమ్ముకోవడం ఏం ఆచారం? వెనకటి రోజుల్లో ఇలా ఉండేదా?

సిద్ధాంతం: ఉండేది. విమానభోజనానికి ఆది 1919 అక్టోబరు. లండన్ నుంచి పారిస్ వెళ్లే హ్యాండ్లీ పేజ్ విమానాల్లో పెట్టెలో సర్దిన భోజనం ఇచ్చారు. వెల 3 షిల్లింగులు. అంటే అమ్మకమే మూలపాఠం, ఉచితాన్నమే ప్రక్షిప్తం.

ఆ ప్రక్షిప్తం చేర్చింది దయ కాదు, ధరల కట్టడి. అమెరికాలో 1978 దాకా దేశీయ టికెట్ ధరను ప్రభుత్వ మండలి నిర్ణయించేది. అట్లాంటిక్ మీది ఛార్జీలను సంస్థలన్నీ తమ సంఘమైన ఐయాటాలో కూర్చుని ఒప్పుకునేవి. ధరలో పోటీ పడే వీలు లేనప్పుడు పళ్లెంలో పోటీ పడ్డారు. 1958లో అట్లాంటిక్ మీద ఎకానమీ తరగతి పెట్టినప్పుడు, చవక టికెట్‌వారికి శాండ్‌విచ్ మించి పెట్టకూడదని నియమం చేసుకున్నారు. స్కాండినేవియా సంస్థ ఎస్.ఏ.ఎస్. తమ దేశాచారం ప్రకారం పై రొట్టె లేని శాండ్‌విచ్ మీద మాంసం, చేప, కూరలు ధారాళంగా పేర్చి వడ్డించింది. ఇది శాండ్‌విచ్ కాదు, పూర్తి భోజనమని అమెరికా సంస్థ పాన్ యామ్ ఫిర్యాదు. చివరికి ఐయాటా శాండ్‌విచ్‌కు లక్షణం నిర్వచించింది: చల్లగా ఉండాలి, ప్రధానంగా రొట్టె ఉండాలి, ఖరీదైన పదార్థాలు ఉండకూడదు. ఎస్.ఏ.ఎస్.కు 20,000 డాలర్ల జరిమానా. లక్షణ గ్రంథాలు రాసిన మన ఆలంకారికులు కూడా అతివ్యాప్తి దోషానికి ఎన్నడూ డబ్బు కట్టించలేదు.

ఆ తరవాతి చరిత్ర కోత చరిత్రే. 1987లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అధిపతి రాబర్ట్ క్రాండల్ సలాడ్‌లోంచి ఒక్క ఆలివ్ కాయ తీయించి ఏడాదికి 40,000 డాలర్లు మిగిల్చారని వాడుక. 2017లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ దగ్గరి విమానాల్లో ఎకానమీ తిండిని అమ్మకానికి మార్చింది. 2021లో లుఫ్తాన్సా అదే బాట పట్టింది.

మన దేశంలో 2003లో కెప్టెన్ గోపీనాథ్ ఎయిర్ దక్కన్‌తో చవక టికెట్ వచ్చింది, ఉచిత పళ్లెం పోయింది. జెట్ ఎయిర్‌వేస్, కింగ్‌ఫిషర్ సంస్థలు వేడివేడిగా వడ్డించాయి. తిన్న మనం బాగానే ఉన్నాం, పెట్టినవాళ్లే మిగల్లేదు. 2017లో ఎయిరిండియా దేశీయ ఎకానమీలో మాంసాహారం ఆపింది. కరోనా కాలంలో ప్రభుత్వమే అడ్డం పడింది: 2020 మేలో విమానాలు మళ్లీ ఎగిరినప్పుడు తిండి పూర్తిగా బంద్. 2021 ఏప్రిల్ నుంచి నవంబరు దాకా రెండు గంటల లోపు ప్రయాణాల్లో వడ్డన నిషేధం. ఆ నెలల్లో ఎవరూ పస్తులతో పోలేదన్న సంగతి సంస్థల లెక్కల పుస్తకాల్లో నమోదయ్యే ఉంటుందని నడవ పక్కవారి అనుమానం.

‘నీరు పోయ’: ఇక్కడ కవి శాస్త్రజ్ఞానం గమనించాలి. 2013లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కొన్ని సేవలకు విడిగా డబ్బు తీసుకోవచ్చని అనుమతిస్తూ, ఆ జాబితాలో తిండిని చేర్చి తాగునీటిని మినహాయించింది. పద్యంలో వెల కట్టని వస్తువు నీరొక్కటే కావడం అందుకే.

‘ఉబ్బు’: శ్లేష. రవ్వ ఉబ్బుతుంది, కొన్నావు కదా అని ఉప్మా కూడా ఉబ్బుతుంది. ప్రయోగం ఇలా జరుగుతుంది. మూత రేకు సగం ఒలిచి, లోపలి గీత దాకా వేడినీళ్లు పోయించుకుని, మళ్లీ మూసి, కొన్ని నిమిషాలు ఆగాలి. ఆ నిమిషాల్లో ఆవాలు, ఎండిన కరివేపాకు తడిసి లేస్తాయి, వాసన మూడు వరసల దాకా పాకుతుంది, కొననివారు మెడ తిప్పుతారు. మూత తీసి మడత చెంచా విప్పే సరికి ‘మనం దిగబోతున్నాం’ అని ప్రకటన. అడుగున రవ్వ ఇంకా ఉండగట్టి ఉంటుంది, పైన నీళ్లు తేలుతుంటాయి. ఉప్పు చాలలేదనిపిస్తే వంటవాణ్ణి నిందించకూడదు. కేబిన్‌లో గాలి ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నట్టుంటుంది, గాలి పొడిగా ఉండి ముక్కు ఎండుతుంది, ఉప్పూ తీపీ తక్కువగా తెలుస్తాయి.

పాఠాంతరం: ‘కప్పులోఁ బోహాయె’ అని ఉత్తరాది ప్రతుల్లో ఉంది. గణభంగం లేదు, రుచిలోనూ పెద్ద తేడా లేదు.

తాత్పర్యం: ఓ ప్రయాణికుడా! గంట ప్రయాణానికి అన్నం అడగకు. కార్డు ఉంటే ఉప్మా ఉంది. దానిమీద నీళ్లు పోస్తే అది నిన్ను చూసి పొంగిపోతుంది.

ఇక ఆ వేరే ఫిర్యాదు. తిండి తీసేస్తే టికెట్ తగ్గుతుందన్నది ఈ పద్యం వెనకున్న ఒప్పందం. మామూలు మంగళవారాల్లో అది నిజమే కావచ్చు. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విశాఖకు టికెట్ రెట్లలో పెరుగుతుంది. ఆ ధరలో వెనకటి పళ్లెం, పళ్లెంతో పాటు పిప్పరమెంటూ, చెవుల్లో పెట్టుకోమని ఇచ్చే దూదీ అన్నీ ఇమిడిపోగలవు. అయినా ఆ రోజూ ఉప్మాకు విడిగా కార్డు గీకాల్సిందే. పద్యంలో పండగ ప్రస్తావన లేదు. కవి బహుశా సొంత ఊరు వెళ్లే అవసరం లేనివాడు.

ఫలశ్రుతి: డీజీసీఏ నిబంధన ప్రకారం రెండున్నర గంటల లోపు ప్రయాణాల్లో విమానం రెండు గంటలు ఆలస్యమైతే సంస్థే ఉచితంగా తిండి పెట్టాలి. ఎగిరితే కొనుక్కోవాలి, ఎగరకపోతే పెడతారు. కనుక ఈ పద్యాన్ని బోర్డింగ్ గేటు ముందు నిలబడి భక్తితో ముమ్మారు పఠించినవారికి విమానం రెండు గంటలు నిండుగా ఆలస్యమై ఉచితాన్నప్రాప్తి కలుగుతుంది. గంటా యాభై నిమిషాలే ఆలస్యమైనవారు ఉచ్చారణ దోషం చూసుకోవాలి.