ఐదు గంటలు

నర్సమ్మ వేలికి పొడిచి చూసినప్పుడు మా నాయనకు పరగడుపున షుగరు 164 వచ్చింది. అదే ఉదయం తీసిన రక్తాన్ని నేను బళ్లారి ల్యాబులో చూస్తే 102 వచ్చింది. నేను 102నే నమ్మాను. పద్నాలుగేళ్లుగా ఆ పనే చేస్తున్నవాణ్ని, నమ్మకుండా ఎలా ఉంటాను?

మా ఊరు ఆలూరు వైపు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి, బళ్లారి మైసూరుకు పోయింది. గీత అలా పడినా, జబ్బు చేస్తే మాకు ఇప్పటికీ బళ్లారే. నాకు ఉద్యోగం దొరికిందీ అక్కడే. ఊళ్లో అందరికీ నేను 'బళ్లారి ల్యాబు అబ్బాయి'ని. నా మాటకు అంత విలువ ఉండేది కాబట్టే, ఆ రోజు అన్న మాట తలచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

అవి నడివేసవి రోజులు. సెలవుకు ఊరొచ్చి ఉన్నాను. నర్సమ్మ రచ్చకట్ట దగ్గర కూర్చుని గ్లూకోమీటరుతో అందరికీ చూస్తోంది. నాయన అంకె చూసి, "బళ్లారిలో చూపించుకో పెద్దాయనా, మందు మొదలుపెట్టాల్సి రావచ్చు" అంది. నేను అందరి ముందూ అన్నాను: "సిస్టర్, అది బొమ్మ మిషను. దాన్ని పట్టుకుని ఎవరికీ షుగరని చెప్పకండి. రక్తం నేను తీసుకుపోయి సరిగ్గా చూస్తాను." ఆమె ఏమీ అనలేదు. మీటరు సంచిలో పెట్టుకుంది.

ఆరున్నరకు నాయన చేతి నరం నుంచి రక్తం తీశాను. సంచిలో గ్రే మూత గొట్టాలు లేవు, మందు లేని మామూలు గొట్టం ఒక్కటే ఉంది. గడ్డకడితే సీరం వస్తుంది కదా అనుకున్నాను. బస్సులో సీటు దొరక్క సంచిని డ్రైవరు పక్కన ఇంజన్ మూత మీద పెట్టాను. హగరి దాటేసరికే ఎండ మొహం మీద కొడుతోంది. ల్యాబుకు చేరాక అప్పటికే బారులు తీరి ఉన్నవాళ్ల పని చూసి, నాయన గొట్టాన్ని సెంట్రిఫ్యూజులో తిప్పేసరికి పదకొండున్నర.

ఆ తర్వాతి పనిలో లోపమేమీ లేదు. పరీక్ష జీఓడీ-పీఓడీ పద్ధతి. గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము చక్కెరను గ్లూకోనిక్ ఆమ్లంగా మారుస్తుంది, పక్కన హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. పెరాక్సిడేజ్ దాన్ని వాడుకుని గులాబీ రంగు తెస్తుంది. ఆ రంగు ఎంత చిక్కగా ఉందో 505 నానోమీటర్ల కాంతి దగ్గర కొలిచి, 100 మిల్లీగ్రాముల స్టాండర్డుతో పోలుస్తాం. ఆ ఉదయం కంట్రోల్ సీరం సరిగ్గా వచ్చింది. నాయన సీరం రెండుసార్లు వేశాను: 101, 102. రెండు అంకెలు అంత దగ్గరగా వస్తే ఇంక అనుమానం దేనికి అనుకున్నాను. యంత్రం తనకిచ్చిన దాన్ని సరిగ్గానే కొలిచింది. నేనిచ్చింది మాత్రం పొద్దున నాయన ఒంట్లో పారిన రక్తం కాదు.

గొట్టంలో పడ్డాక కూడా రక్తకణాలు బతికే ఉంటాయి. ఎర్రకణానికి వేరే తిండి లేదు, చక్కెరే దాని బువ్వ. దాన్ని వాడుకునే ఏటీపీ తయారుచేసుకుంటుంది. మామూలు గది వేడిలోనే గంటకు 5 నుంచి 7 శాతం చక్కెర తగ్గిపోతుంది, వేడి పెరిగితే ఇంకా వేగంగా. గ్రే మూత గొట్టంలో ఉండే సోడియం ఫ్లోరైడ్ ఈ తినడాన్ని ఆపుతుంది. దానికీ పూర్తిగా పట్టు దొరకడానికి గంటా రెండు గంటలు పడుతుంది కనుక, ఆలోగా చల్లగా ఉంచి తొందరగా తిప్పాలి. ఇదంతా నేను చదివిందే. ఫాస్ఫరస్ కొలిచే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి పాఠంలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు చూసి ఒళ్లు పులకరించినవాణ్ని. కండరాల్లో ఏటీపీ ఉందని 1929లో ఆయన, ఫిస్కే చూపించారనీ తెలుసు. తెలిసినదంతా పుస్తకంలోనే వదిలేసి, నాయన రక్తాన్ని ఐదు గంటలు వేడిలో ఉంచాను.

కనీసం లెక్కైనా వేయలేదు. మంచి గ్లూకోమీటరు తేడా సాధారణంగా 15 శాతం లోపే ఉంటుంది. 164లో అంత తీసేసినా 139 దగ్గర ఆగుతుంది. పరగడుపున 126 లేదా అంతకు మించి ఉంటే మధుమేహం అంటాం. 102కు దారే లేదు. రెండు అంకెలకూ మధ్య అంత ఎడం ఉంటే ఏ కొత్త కుర్రాడైనా మళ్లీ రక్తం తీయమంటాడు.

"షుగరు లేదు నాయనా, నిశ్చింతగా ఉండు" అన్నాను. తొమ్మిది నెలలు ఆయన నిశ్చింతగానే ఉన్నాడు. ఓళిగలు తిన్నాడు. కాళ్లు తిమ్మిరిగా ఉంటే ముసలితనం అనుకున్నాడు. సంక్రాంతి దాటాక చేలో తుమ్మముల్లు దిగితే ఆయనకు తెలియనే లేదు. పుండు మానలేదు, ఎడమ కాలి బొటనవేలు తీసేశారు. ఆ తొమ్మిది నెలల వల్లే వేలు పోయిందని ఏ డాక్టరూ నాతో అనలేదు. కానీ ఆ తొమ్మిది నెలలు నేనిచ్చినవి.

అప్పుడు నా 102 రిపోర్టు చూసిన పెద్ద డాక్టరు ఒక్కటే అడిగారు: "రక్తం ఎప్పుడు తీశావు, ఎప్పుడు తిప్పావు?" ఆ సాయంత్రమే నా రక్తం రెండు గొట్టాల్లో తీశాను. ఒకటి గడ్డకట్టగానే తిప్పాను: 94. రెండోది మూడు గంటలు వెచ్చగా ఉంచి తిప్పాను: 63. రెండు చీటీలూ పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

నాయనకు చెప్పడానికి ఇంకో నెల పట్టింది. కట్టు మారుస్తూ చెప్పాను. ఆయన కాలు చూసుకుంటూ విన్నాడు.

"అయితే ఆ యమ్మ మిషను సరిగ్గానే చెప్పింది గదా?"

"సరిగ్గానే చెప్పింది నాయనా."

"ఆ యమ్మకు చెప్పినావా?"

చెప్పలేదు. నాకు ఆ ఆలోచనే రాలేదు.

ఆ ఆదివారం వెళ్లాను. నర్సమ్మ నన్ను నిందించలేదు, రిజిస్టరు తీసింది. ఆ రోజు రచ్చకట్ట దగ్గర ఎక్కువ అంకె వచ్చి, నా మాట విని మళ్లీ రానివాళ్లు ముగ్గురున్నారు. ఇద్దరం కలిసి వాళ్ల ఇళ్లకు నడిచాం. ఇద్దరు దొరికారు, ఇద్దరికీ మందు మొదలైంది. మూడో ఇంటికి తాళం వేసి ఉంది. మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు సుగ్గికి పోయారని పక్కింటావిడ చెప్పింది.