చెమట పట్టిన నెమలి

గూడూరులో రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన ఉన్నారు. చాక్‌పీసు వదిలేశాక చేతులు ఊరుకోక బ్రష్షు పట్టారు. మేడ మీదికి పన్నెండు మట్టి తొట్లు తెప్పించారు. ఒక్కోటి 120 రూపాయలు. వాటి మీద శ్రీకాళహస్తి కలంకారీ నెమళ్లను దించాలని పంతం.

"తులసి తొట్టికి సున్నమూ జేగురూ పూస్తే సరిపోదాండీ?" అంది ఇల్లాలు. సిలబస్‌లో లేని ప్రశ్న అని ఆయన జవాబివ్వలేదు.

రంగుల అంగట్లో తళతళలాడే నీలం ఒకటి ఆయన్ని కదలనివ్వలేదు. ఆ తళుకు చాలావరకు అభ్రకానిదే. అభ్రకాన్ని సన్నటి రేకులుగా పొడి చేసి, టైటానియం డయాక్సైడ్ పూత పూస్తే ముత్యం మెరుపు వస్తుంది. ఒకప్పుడు గూడూరు పేరు చెబితే అభ్రకమే గుర్తొచ్చేది. సైదాపురం వైపు దాని గనులుండేవి. ఊరి చుట్టూ నేలలో ఉన్న సరుకునే మాస్టారు అగ్గిపెట్టెంత డబ్బాలో, బేరమాడి మరీ కొనుక్కొచ్చారు.

పది రోజులు వైభోగం. పక్కింటివాళ్లు మేడెక్కి ఫొటోలు తీసుకున్నారు.

పదకొండో రోజు పొద్దున మొదటి నెమలికి పొట్ట ఉబ్బింది. మాస్టారు కళ్లజోడు సవరించుకుని బొటనవేలితో నొక్కారు. పుటుక్కుమని ఒక నీటి చుక్క బయటికొచ్చింది. గోరుతో గీరితే మెడ మొత్తం అప్పడంలా లేచొచ్చింది. కింద తెల్లగా ఉప్పులాంటి పొడి. వారం తిరిగేసరికి పన్నెండు నెమళ్లలో తొమ్మిదింటికి ఈకలు లేవు.

ఊడిన పెచ్చు కాగితంలో పొట్లం కట్టుకుని తొట్లు అమ్మినాయన దగ్గరికి పోయారు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కుండకి చెమట పడతాది అయ్యోరా. లోపలేమో రోజూ నీళ్లు పోస్తా ఉండారు, బయటేమో గొడుగుగుడ్డ మాదిరి పూసేస్తిరి. ఆ తడి యాడికి పోవాల?"

లెక్క అంతే. కాల్చిన మట్టి నిండా కంటికి కనబడని రంధ్రాలు. లోపలి తడి వాటిగుండా బయటికొచ్చి ఆవిరవుతుంది. ఎండాకాలం కుండలో నీళ్లు చల్లబడేది అందువల్లే. నీళ్లలోని లవణాలు మాత్రం పైన తెల్లగా మిగిలిపోతాయి. దారికడ్డంగా ప్లాస్టిక్ పొరలాంటి రంగు ఉంటే తడి దాన్ని తోసేస్తుంది. తిరుమల వెంకన్నకు రోజూ పెరుగన్నం నైవేద్యం పెట్టేది కొత్త మట్టి ఓటిలోనే. దానికి రంగేద్దామని ఇన్నేళ్లలో ఎవరికీ తోచలేదు.

కలంకారీవాళ్లు కూడా బట్ట దొరగ్గానే కలం పట్టరు. ముందు కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెడతారు. రంగు పారకుండా నిలవడానికే ఆ తంటా. కాళహస్తి కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప శెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చిన సంగతి మాస్టారికి నోటికొచ్చు. పద్మశ్రీ దాకా చదివారు గానీ, పాల దగ్గర ఆగలేదు.

రెండోసారి పద్ధతిగా దిగారు. పాత రంగు గీకి, ఉప్పుకాగితంతో రుద్ది, మూడు రోజులు ఎండలో పెట్టారు. లోపల అంచు దాకా వాటర్‌ప్రూఫ్ పూత రెండుసార్లు వేశారు, అడుగు చిల్లి మూసుకుపోకుండా పుల్ల గుచ్చి మరీ. బయట ప్రైమర్, ఆపైన రంగు, అది బాగా ఆరాక వార్నిష్. ఈసారి నెమలి కదల్లేదు. కార్తీక మాసం ముసురుకి కూడా తోకలో ఒక్క ఈక రాలలేదు.

తొట్టిలో గులాబీ చచ్చిపోయింది.

గోడలకు చెమట ఆగిపోయింది గానీ, మాస్టారి చెంబు ఆగలేదు. వెనకటి కొలతలోనే రోజూ పోశారు. తడి ఆరే దారి లేక వేళ్లు కుళ్లాయి. ఆ పక్కనే ఇల్లాలి తులసి నవనవలాడుతోంది. ఆవిడ తొట్టికి పూసింది సున్నం, జేగురే. సున్నం తడిని పోనిస్తుంది గనక బొబ్బలెక్కదు. మహా అయితే చీర కొంగుకి అంటుకుంటుంది, సంక్రాంతికి మళ్లీ పూస్తుంది.

చివరికి మాస్టారు రాజీకొచ్చారు. మొక్క చవక ప్లాస్టిక్ తొట్టిలో, ఆ తొట్టి నెమలి తొట్టిలో. నీళ్లు ఎక్కువైతే పైకి తీసి ఒంపేయొచ్చు. ఇల్లాలు చూసి, "అయితే ఇప్పుడు పెంచుతోంది మొక్కనా, నెమలినా?" అంది. ఇదీ సిలబస్‌లో లేదు.

మొన్న ఇంకో నాలుగు తొట్లకని వెళితే, అమ్మే ఆయన దూరం నుంచే కేకేశాడు. "ఈ తూరి రంగుకా అయ్యోరా, చెట్టుకా?"