నలగని చందమామలు

రాజోలు దగ్గర మా మేనత్తగారి ఊళ్లో, వశిష్ఠ గట్టు పక్కనున్న మండువా లోగిలి అటక మీద 1960ల నాటి చందమామలు రెండు దొంతరలు ఉండేవి. కోనసీమలో కాగితం అన్నేళ్లు బతకడమే గొప్ప సంగతి. గాలిలో ఎప్పుడూ తేమ. పుస్తకం బూజు పడుతుంది, పిన్నులు తుప్పు పట్టి చుట్టూ కాగితాన్ని తినేస్తాయి, మిగిలింది చెదలు చూసుకుంటాయి. 1986 ఆగస్టులో గోదావరి పొంగినప్పుడు ఆ ఇంట్లో నడుం లోతు నీళ్లు నిలిచాయి. 1996 నవంబరు 6 తుఫానుకి వంటింటి పెంకులన్నీ లేచిపోయాయి. అటక ఉన్న గది మాత్రం రెండుసార్లూ బతికి బయటపడింది. వేపాకు పొరల మధ్య, రేకు పెట్టెలో, మామయ్య సర్దిన పుస్తకాలు సర్దినట్టే ఉన్నాయి.

అవి మా బావవి. చందా ఆయన పేరున కట్టారు. పోస్టులో వచ్చిన రేపర్లు కూడా కొన్ని దాచారు. వాటి మీద సిరా కలంతో రాసిన బావ పేరు ఇప్పటికీ చెక్కు చెదరలేదు. చందా కట్టిన ఏడాదికి ఆయనకి ఆరేళ్లు, అక్షరాలు కూడబలుక్కోవడం కూడా రాదు. వాళ్లక్క, అంటే మా వదిన, ఆయన కంటే అయిదేళ్లు పెద్ద. సాయంత్రం దీపం పెట్టాక అరుగు మీద కూర్చుని ఆవిడే పైకి చదివేది. మా ఇళ్లలో పిల్లలందరం కథలు విన్నది ఆ గొంతులోనే.

బావ అమెరికాలో, డాలస్‌లో స్థిరపడ్డాడు. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక పాత కామిక్స్ సేకరణలో పడ్డాడు. మనిషికి ఆ పిచ్చి పట్టిందంటే ఎంత శ్రద్ధ వస్తుందో ఆయన్ని చూసి తెలుసుకున్నాను. సంక్రాంతికి వచ్చినప్పుడల్లా అన్నాల దగ్గర అవే కబుర్లు. సూపర్‌మాన్ మొదటిసారి కనిపించిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక 1938లో పది సెంట్లకి అమ్మారు. 2014లో ఒక ప్రతి 32 లక్షల డాలర్లు పలికింది. 2024లో ఇంకో ప్రతి 60 లక్షల డాలర్లకి పోయింది. ఆ పుస్తకాల నిండా ఉన్నది అవే బొమ్మలు, అవే మాటలు. ధర తేల్చేది మాత్రం ప్రతి ఎంత చెక్కుచెదరకుండా ఉందన్నదే.

దాన్ని తేల్చడానికి అక్కడ గ్రేడింగ్ సంస్థలున్నాయి. వాటిలో పేరు మోసిన సీజీసీ 2000లో మొదలైంది. పదికి ఇన్ని అని అంకె వేస్తారు. పదికి పది దాదాపు ఎవరికీ రాదు. మూల మడత పడితే తగ్గుతుంది, వీపు మీద పిన్ను దగ్గర చిన్న గీత పడితే తగ్గుతుంది, అట్ట మీద పిల్లవాడు పేరు రాసుకుంటే తగ్గుతుంది. కాగితం తెల్లగా ఉందా, గోధుమ రంగుకి తిరిగిందా అన్నది కూడా రాస్తారు. చిరుగు అతికినా, వెలిసిన చోట రంగు దిద్దినా, అంచులు కత్తిరించి చదును చేసినా అది మరమ్మతు కిందికి వస్తుంది. మరమ్మతు జరిగిన పుస్తకానికి ఊదారంగు లేబుల్ వేస్తే కొనేవాడు మొహం తిప్పుకుంటాడు. అంతా అయ్యాక పుస్తకాన్ని గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి సీలు చేసి, పైన అంకె వేసి పంపుతారు. ఆ పెట్టె తెరిచిన మరుక్షణం అంకె చెల్లదు.

ఈ ఆఖరి సంగతి విన్నప్పుడు నాకు మనసులో ముల్లు గుచ్చుకున్నట్టయింది. పుస్తకాన్ని మళ్లీ ఎవరూ తెరవకూడదన్న షరతు మీద దానికి విలువ కట్టడం నాకు ఎప్పటికీ మింగుడు పడదు. బావతో ఆ మాట అన్నాను. "చదువుకోడానికి వేరే ప్రతులుంటాయోయ్, ఇవి కాపాడుకోడానికి," అన్నాడు. ఆయన ప్రేమ కూడా నిజమైనదే. వడ్డాది పాపయ్యగారి అట్టబొమ్మని కిటికీ వెలుతురులో పట్టుకుని, ఆ రంగులు అరవై ఏళ్లకీ వెలవలేదని చూపిస్తూ కళ్లు చెమర్చుకున్న మనిషాయన.

ఆ దొంతరల్లోంచి బావ అయిదు సంచికలు ఏరాడు. అయిదూ 'రాకాసిలోయ' సీరియల్ నడిచిన నెలలవి. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మొదలుపెట్టిన చందమామకి ఎన్ని ఆకర్షణలున్నా, మా తరం నెల మొదట్లో పోస్టుమాన్ కోసం వీధి గుమ్మంలో కాచుక్కూర్చున్నది సీరియల్ కోసమే. రాసింది దాసరి సుబ్రహ్మణ్యంగారు, బొమ్మలు వేసింది చిత్రాగారు. దాసరివారు అర్ధశతాబ్దం పైగా ఆ పత్రికలో పనిచేశారు, ఎన్నో సీరియళ్లు రాశారు, పుస్తకంలో మాత్రం ఆయన పేరు వేసేవారు కాదు. రాసినాయన పేరు మాకు తలలు నెరిశాక తెలిసింది.

చేతులకి గ్లౌజులు వేసుకుని, ఒక్కో పేజీ తిప్పి, ఫోన్లో ఫోటో తీసుకుని, అమెరికా పట్టుకెళ్లి గ్రేడింగుకి ఇచ్చాడు బావ. ఇచ్చింది సీజీసీకి కాదు, వేరే సంస్థకి. దాని పేరు ఇక్కడ అనవసరం. ఏడు నెలలకి అయిదు పెట్టెలు తిరిగొచ్చాయి. అన్నిటికీ తొమ్మిది దాటిన అంకెలే. పేజీలన్నీ ఉన్నాయి, పిన్నులు అసలువే, మరమ్మతు ఆనవాలు లేదు అని లేబుల్ మీద ఉంది. అంత పాత తెలుగు పత్రికకి అంత అంకె రావడం అరుదని ఒక సేకరణకర్త అయిదూ కొంటానని ముందుకొచ్చాడు, బయానా కూడా పంపాడు.

మొన్న సంక్రాంతికి వాటిలో ఒక పెట్టెని బావ వెంట తెచ్చాడు, అక్కకి చూపించాలని.

కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభలు చూసుకుని, మర్నాడు కొత్తపేట వైపు వదిన వాళ్లింటికి వెళ్లాం. వదినకి డెబ్బై అయిదు దాటాయి. పదహారో ఏట ఆ ఇంట కాలు పెట్టింది. పూతరేకులు పళ్లెంలో పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, ప్లాస్టిక్ పెట్టె అందుకుంది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. ఇటు ముందట్ట, అటు వెనకట్ట. అంతే కనిపించేది.

"ఇది రాకాసిలోయ నెలదే కదూ?" అంది.

"అట్ట చూసి గుర్తుపట్టేశావే! అవునక్కా. పైన అంకె చూడు."

"లోపల చూశారా వాళ్లు?"

"ఒక్కో పేజీ లెక్కపెడతారు."

"లెక్కపెడతారు సరే. చదివారా?"

బావ నవ్వాడు. "వాళ్లకి తెలుగెలా వస్తుందక్కా?"

"నువ్వు చదివావా?"

బావ జవాబు చెప్పలేదు. వదిన లేచి వెళ్లి ట్రంకు పెట్టె మూత ఎత్తిన చప్పుడు వినిపించింది. తిరిగొచ్చి ఒక బైండు పుస్తకం బల్ల మీద పెట్టింది. వీపుకి కాలికో గుడ్డ, మందపాటి అట్ట, దారంతో కుట్టు. నోటు పుస్తకాలు కుట్టే ఆయన చేత కొత్తపేటలో కుట్టించుకుందట. తెరిస్తే రాకాసిలోయ. మొదటి భాగం నుంచి చివరి దాకా, ఒక్క నెల తప్పకుండా. అంచులన్నీ వేళ్ల జిడ్డుతో నల్లబడ్డాయి. ఒకచోట పసుపు బొటనవేలి ముద్ర. ఒక రాక్షసుడి బొమ్మకి ఎవరో పిల్లలు పెన్సిలుతో కళ్లజోడు పెట్టారు. వదిన ముగ్గురు పిల్లలకీ, వాళ్ల పిల్లలకీ ఆ పుస్తకం మీదే తెలుగు చదవడం పట్టుబడింది.

బావ ఫోను తీశాడు. తాను తీసిన ఫోటోలని మొదటిసారి అక్షరాలు చదువుతూ చూశాడు. ఎనిమిదో పేజీ అడుగున రాజుగారు మంత్రిని ఏదో అడగబోతూ ఆగారు. తొమ్మిదో పేజీలో వర్తకుడి గాడిద చెరువులో దిగుతోంది. వెనకెక్కడో మళ్లీ అలాగే, ఒక కథ తోకకి ఇంకో కథ తల. అంకెలు మాత్రం ఎనిమిది తర్వాత తొమ్మిది, తొమ్మిది తర్వాత పది. ఎక్కడా వరస తప్పలేదు. మిగిలిన నాలుగు సంచికల ఫోటోలు చూసినా ఇదే తంతు.

"పిన్ను కాళ్లు పిన్నీసుతో లేపి మళ్లీ వంచేదాన్ని," అంది వదిన. "మనకి కావలసిన ఎడమ కాగితం లాగితే దాంతో పాటు కుడి వైపుది కూడా ఊడి వస్తుంది కదా. అందుకని రెండు పక్కలా అవే అంకెలున్న కాగితాలు వెతకాల్సొచ్చేది. కొట్లో పొట్లాలు కట్టడానికి తెచ్చిన పాత చందమామలుండేవి. వాటిలోంచి ఏరి ఇందులో దూర్చాను. అదే పత్రిక, అదే కాగితం. పెళ్లి ముందు నెల రోజులూ మధ్యాహ్నాలు నాకదే పని. నువ్వప్పుడు అమలాపురంలో హాస్టల్లో ఉన్నావు. చిరిగిన పుస్తకం నీకు వదిలి వెళ్లబుద్ధి కాలేదురా."

బావ బయానా గురించి ఎత్తలేదు. ఆ పెట్టె వంకే చాలాసేపు చూసి, "అడిగితే నేనే ఇచ్చేవాణ్ని కదక్కా. దొంగతనంగా ఎందుకు?" అన్నాడు.

"అడిగానురా. పెళ్లికి నీకేం కావాలే అని నాన్న అడిగితే, గొలుసు వద్దు, చందమామలు చాలన్నాను. అవి తమ్ముడివి, వాడి పేరున వచ్చినవి, నువ్వు అడక్కూడదన్నారు. సరేనని, నువ్వు దసరా సెలవులకి వచ్చినప్పుడు నిన్నే అడిగాను. ఒక్క రాకాసిలోయ నెలలు ఇస్తే చాలన్నాను."

"నేనేమన్నాను?"

"నీకిస్తే నలిపేస్తావు అన్నావు."