నురగ జాతకం

హైదరాబాద్‌ నార్సింగిలో కొత్తగా పరిచయమైన మనిషిని ఇదివరకు మూడు ప్రశ్నలు అడిగేవారు. ఏ కంపెనీ, ఏ టవర్, ఈస్ట్ ఫేసింగా వెస్ట్ ఫేసింగా. వీటితో జీతం, ఈఎంఐ, వాస్తు మూడూ తేలిపోయేవి. ఇక ఆ మనిషి గురించి తెలుసుకోవాల్సింది ఏమీ మిగిలేది కాదు. ఇప్పుడు నాలుగో ప్రశ్న బయల్దేరింది. “మీరు ఏ బీరు?” ఏ బీరు తాగుతారని కాదు, ఆ సంగతి వెయిటర్ అడుగుతాడు. మీరు స్వయంగా, అంతరాత్మతో సహా, ఏ బీరని.

జాతకచక్రం కూడా సిద్ధంగా ఉంది. ఉన్నమాట మొహం మీద అనేసేవాడు పిల్స్‌నర్. అందరితో కలిసిపోయే ఆవిడ హెఫెవైజెన్, అంటే గోధుమ బీరు. మీటింగు మొత్తం నోరు తెరవకుండా గడ్డం నిమురుకునేవాడు స్టౌట్. వెటకారం చేసేవాళ్ళు సవర్. మొదట చేదుగా తగిలి, అలవాటైతే వదలబుద్ధి కానివాడు ఐపీఏ. ధనియాలూ నారింజ తొక్కా వేసే బెల్జియన్ విట్ మాత్రం ఆన్‌సైట్ వెళ్ళొచ్చినవాళ్ళకే. మేషం నుంచి మీనం దాకా పన్నెండు రాశులతో తరతరాలు నెట్టుకొచ్చిన జాతికి ఆరు గ్లాసులతో పని జరిగిపోవడం ఒకరకంగా పొదుపే.

2015లో తెలంగాణ ప్రభుత్వం మైక్రోబ్రూవరీలకు నిబంధనలు తెచ్చాక అద్దాల వెనక మెరిసే ట్యాంకులు నగరంలో ఒక్కొక్కటిగా వెలిశాయి. జీతాలు ఎటు జరిగితే బీరు అటు జరుగుతుంది, అందులో వింతేమీ లేదు. నా పేచీ బీరుతో కాదు. గ్లాసును తీసుకెళ్ళి మనిషి మెడలో ఐడీ కార్డులా వేలాడదీయడంతో.

ఓ శుక్రవారం సాయంత్రం పక్క టేబుల్ సంగతి చెబుతాను. ఎనిమిదిమంది, ఒకే ప్రాజెక్టు. మధ్యలో పొడుగాటి చెక్కపలక, దానికి ఆరు గుంటలు, గుంటకో చిన్న గ్లాసు, గ్లాసు కింద సుద్దముక్కతో రాసిన పేరు. దీన్ని శాంప్లర్ అంటారు. జాతకాలు చెప్పేది ఈ పలక చూసే.

“అన్నా, నువ్వు పక్కా ఐపీఏ,” అన్నాడో కుర్రాడు మేనేజర్‌తో. అప్రైజల్ రోజులు.

“అంటే నేను చేదంటావా?”

“చేదు కాదన్నా, డెప్త్. నీ లెవెల్ అర్థం కావాలంటే మాకు టైం పడ్తది.”

మేనేజర్ మొహం మీద నురగ పొంగింది.

“మరి నేను?” అంది టెస్టింగ్ అమ్మాయి.

“నువ్వు సవర్. డౌటే లేదు.”

ఆ వారం అతని కోడ్‌ను మళ్ళీ మళ్ళీ వెనక్కి పంపింది ఆమేనని ఆ తర్వాతి నవ్వుల్లో తెలిసింది. చివర్న కూర్చున్న ఒకాయన ఫ్రెష్ లైమ్ సోడా తాగుతున్నాడు. ఆయన వంతు వచ్చేసరికి “మీరు మాక్‌టెయిల్ సార్” అనేసి ముందుకెళ్ళారు. తాగనివాడికి గుణం ఉండదు కాబోలు. బిల్లు వచ్చినప్పుడు మాత్రం ఆ గుణంలేని మనిషిని ఎవరూ మర్చిపోలేదు. ఎనిమిది సమాన భాగాలు, ఆయన ఫోనూ స్కానర్ ముందు టింగుమంది. ఐపీఏ గారు ఆ సమయానికి బాల్కనీలో ఎవరితోనో అర్జెంటు కాల్‌లో ఉన్నారు.

ఈ విద్యలో ఉన్న గొప్ప సుగుణం, ఇందులో దుర్గుణాలు లేకపోవడం. జూనియర్ల మీద అరిచేవాడిని అరుస్తాడని అనక్కర్లేదు, “ఆయనలో హాప్స్ ఎక్కువ” అంటే సరిపోతుంది, హాప్స్ అంటే బీరుకు చేదునిచ్చే పువ్వులు. పని ఎగ్గొట్టేవాడు సెషన్ బీర్, తేలిగ్గా ఉంటాడట. అప్పు తీసుకుని మొహం చాటేసేవాడికి కూడా వెతికితే ఏదో ఒక బెల్జియన్ పేరు దొరుకుతుంది. బీరు చేదుకు ఐబీయూ అని కొలత ఉంది. మేనేజర్ల చేదుకు అలాంటి కొలత లేకపోబట్టే ఎగ్జిట్ ఇంటర్వ్యూలు పెట్టాల్సి వచ్చింది.

ఇంకో సంగతి గమనించారా, ఈ చక్రంలో ఎవరూ కింగ్‌ఫిషర్ స్ట్రాంగ్ కారు. నాకౌట్ కూడా కారు. 2025 జనవరిలో కింగ్‌ఫిషర్ తయారుచేసే యునైటెడ్ బ్రూవరీస్ ధర చాల్లేదని, బకాయిలు రాలేదని పేచీ పెట్టి తెలంగాణ బేవరేజెస్ కార్పొరేషన్‌కు సరఫరా ఆపేస్తే టీవీలన్నీ గగ్గోలు పెట్టాయి. కొద్దిరోజులకు సరఫరా మళ్ళీ మొదలైంది, ఫిబ్రవరిలో బీరు ధర 15 శాతం పెరిగింది. రాష్ట్రం రాష్ట్రమే గాభరా పడ్డ బీరు అది. అయినా “మనసులో నేను కింగ్‌ఫిషర్ స్ట్రాంగ్‌ని” అని ఏ ప్రొడక్ట్ మేనేజరూ చెప్పుకోడు. బారాత్‌లో తీన్మార్ మొదలయ్యే ముందు కారు డిక్కీ చాటున తాగేది ఒకటి, టేబుల్ దగ్గర తానేనని చెప్పుకునేది ఇంకొకటి. ఆ రెంటి మధ్య ధర తేడానే ఇక్కడ వ్యక్తిత్వం పేరుతో చలామణీ అవుతోంది.

ఇలాంటి జాతకాలు అందరికీ ఎందుకు సరిపోతాయో అమెరికాలో బెర్ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1948లోనే తేల్చాడు. క్లాసులో 39 మంది విద్యార్థులకు పరీక్ష పెట్టి, తర్వాత ఎవరి వ్యక్తిత్వ నివేదిక వాళ్ళదంటూ చేతికిచ్చాడు. ఎంత బాగా సరిపోయిందో అయిదుకు మార్కులు వేయమంటే సగటున 4.26 వేశారు. తీరా చూస్తే అందరికీ ఇచ్చింది ఒకటే కాగితం, అందులోని వాక్యాలు ఓ జ్యోతిషం పుస్తకం నుంచి ఎత్తినవి. అదే కాగితాన్ని ‘పైకి చేదు, లోపల తీపి’ అని ఐపీఏ గ్లాసుకు అంటించి నార్సింగిలో తిప్పితే మార్కులు ఇంకా పెరుగుతాయి. రెండో గ్లాసు తర్వాతైతే అయిదుకు ఆరు వేస్తారు.

మన ఐటీ కారిడార్‌కు ఈ పిచ్చి కొత్తదీ కాదు. మనుషులను పదహారు రకాలుగా విడగొట్టే మయర్స్-బ్రిగ్స్ పరీక్షను తయారుచేసిన తల్లీకూతుళ్ళు, కాథరిన్ బ్రిగ్స్, ఇసబెల్ మయర్స్, ఇద్దరూ మనస్తత్వ శాస్త్రంలో శిక్షణ పొందినవాళ్ళు కారు. అయినా మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా హెచ్ఆర్ వాళ్ళు ఎద్దుకు సుడి చూసినంత శ్రద్ధగా ఆ నాలుగక్షరాలు చూస్తారు. సుడి చూసి ఎద్దును కొన్న రైతు కనీసం మర్నాడు దాన్ని కాడికి కట్టి చూసేవాడు. వీళ్ళకు ఆ ఓపిక కూడా లేదు. మనుషుల తేడా చెప్పడానికి వేమనకు ఉప్పూ కర్పూరమూ చాలాయి, రుచి చూడందే ఆ తేడా తెలియదని కూడా ఆయనే చెప్పాడు. మనవాళ్ళు రుచి చూసేది గ్లాసును, తీర్పు చెప్పేది మనిషి మీద.

పోనీ, పోలిక పెట్టేవాళ్ళు బీరునైనా సరిగా తెలుసుకున్నారా అంటే అదీ లేదు. ఐపీఏ అంటే ఇండియా పేల్ ఏల్, అందులో ‘ఐ’ మన ఇండియానే అని చెప్పి ఛాతీ పొంగిస్తారు. ఆ పేల్ ఏల్ ఇక్కడికి వచ్చింది మనకోసం కాదు. కలకత్తాలో చెమటలు కక్కుతున్న ఈస్టిండియా కంపెనీ దొరల కోసం, లండన్‌లో బో దగ్గరున్న హాడ్జ్‌సన్ బ్రూవరీ నుంచి ఓడలెక్కింది. సముద్ర ప్రయాణానికి తట్టుకునేలా ప్రత్యేకంగా కనిపెట్టారన్న కథ మెనూల్లో బాగుంటుంది గానీ, హాప్స్ దండిగా వేసిన బీరు ఇంగ్లండులో అంతకుముందే ఉంది. అంటే దొరల మెప్పుకోసం పడవెక్కి, చెయ్యని ఘనకార్యాన్ని రెజ్యూమెలో రాసుకున్న బీరన్నమాట. ఈ ఒక్క విషయంలో మన ఐపీఏ గారికి పోలిక కుదిరిందని ఒప్పుకోక తప్పదు.

పిల్స్‌నర్‌ది ఇంకో కథ. 1838లో బొహీమియాలోని పిల్సెన్ ఊళ్ళో బీరు పాడైందని 36 పీపాలు టౌన్ హాలు ముందే పారబోశారు. తర్వాత ఊరివాళ్ళే బ్రూవరీ కట్టుకుని బవేరియా నుంచి జోసెఫ్ గ్రోల్ అనే బ్రూవర్‌ను రప్పించారు. 1842లో ఆయన చేతిలో ఆ బంగారు రంగు బీరు తయారైంది. అది జనం రోడ్డెక్కితే పుట్టిన సరుకు. మన గేటెడ్ కమ్యూనిటీలో పిల్స్‌నర్లమని చెప్పుకునేవాళ్ళు మెయింటెనెన్స్ ఛార్జీలు పెంచితే చేసే తిరుగుబాటు, ఎర్ర మొహం ఎమోజీ ఒకటి పెట్టడం.

స్టౌట్ గంభీరమట. దాని నలుపు మాడ్చిన బార్లీ వల్ల వచ్చింది, తత్వచింతన వల్ల కాదు. గిన్నెస్ డ్రాట్‌లో ఆల్కహాల్ 4.2 శాతం. ఎవరూ తమ పోలికకు ఒప్పుకోని కింగ్‌ఫిషర్ స్ట్రాంగ్‌లో దాదాపు దానికి రెట్టింపు దాకా ఉంటుంది. రంగు ముదురు, నురగ చిక్కన, సరుకు తక్కువ. మీటింగుల్లో గడ్డం నిమురుకునేవాళ్ళను తల్చుకుంటే ఈ పోలిక కూడా, పెట్టినవాళ్ళు అనుకోని విధంగా, అచ్చుగుద్దినట్టుంది.

అన్నిటికన్నా తమాషా హెఫెవైజెన్‌ది. అరటిపండు వాసన వస్తుంది, కానీ అందులో అరటిపండు వేయరు. ఈస్ట్ పనిచేసేటప్పుడు పుట్టే ఐసోఅమైల్ అసిటేట్ వాసన అది. ట్యాంకులో వేడి కాస్త తగ్గితే అరటి వెనకబడి లవంగం పైకొస్తుంది. అదే గోధుమ, అదే మాల్టు, ఈస్ట్ మారిస్తే మొత్తానికే వేరే బీరు. 1883లో కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే రకం ఈస్ట్‌ను వేరుచేసి పెంచేదాకా, ఈ పీపా బీరు ఆ పీపాలాగే ఉంటుందన్న భరోసా కాసేవాళ్ళకే లేదు. బీరుకే లేని నిలకడైన గుణాన్ని దాని నుంచి అప్పు తెచ్చి మనిషికి అంటగడుతున్నారు. అందరితో నవ్వుతూ ఉండే ఆ హెఫెవైజెన్ ఆవిడను ప్రొడక్షన్ రిలీజ్ రాత్రి పన్నెండింటికి ఒకసారి పలకరించి చూడండి, లవంగమంటే ఏమిటో తెలుస్తుంది.

ఏ బీరైనా నూటికి తొంభై పాళ్ళు నీళ్ళే. పిల్సెన్ మెత్తటి నీళ్ళు పిల్స్‌నర్‌కూ, ఇంగ్లండులో బర్టన్ ఊరి జిప్సం నీళ్ళు పేల్ ఏల్‌కూ కలిసొచ్చాయి. ఇప్పుడు ఆర్‌వో నీళ్ళలో లెక్కప్రకారం లవణాలు కలిపితే ఏ ఊరి నీళ్ళనైనా ఎక్కడైనా తయారుచేసుకోవచ్చు. నార్సింగికి పక్కనే 1920లో పూర్తయిన గండిపేట చెరువు ఉంది, ఆ నీళ్ళు తాగినవాడు హైదరాబాద్ వదలడని నానుడి. ఆ చెరువు పక్కన కోట్లు పోసి కొన్న టవర్లలో ఏప్రిల్ వచ్చిందంటే ట్యాంకర్ హారన్ కోసం చెవులు రిక్కించడమే. నీళ్ళను బట్టి గుణం చెప్పాల్సి వస్తే ఈ ప్రాంతంలో పిల్స్‌నర్లూ లేరు, స్టౌట్లూ లేరు. అందరిదీ ట్యాంకర్ జాతే.

పక్కనున్న కోకాపేట నియోపోలిస్ భూముల వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది 2023 ఆగస్టులో. భూమి గజాల్లోకి, గజాలు అడుగుల్లోకి దిగకముందు తెలంగాణ పల్లెల్లో ఏ గట్టు చూసినా ఈదులో తాళ్ళో కనిపించేవి. లోకల్, ఫ్రెష్, వడగట్టనిది, గాలిలో ఉన్న ఈస్ట్‌తోనే పులిసేది అని బ్రూవరీ బోర్డు మీద రంగు సుద్దతో రాసే గొప్పలన్నీ లొట్టిలో ఉన్న కల్లుకు ఏ బోర్డూ లేకుండానే ఉన్నాయి. కల్లు గీసే గౌడన్నకు ఈత కల్లు వేరు, తాటి కల్లు వేరు. తాళ్ళలో పోతుతాడు వేరు, పండుతాడు వేరు. పొద్దున దించింది తీపి, ఎండ ఎక్కితే పులుపు. ఆయన చెట్టుకు గుణం చెబుతాడు, కాలానికి చెబుతాడు, వేళకు చెబుతాడు. తాగేవాడికి మాత్రం చెప్పడు. “ఏం పటేలా, నువ్వు అచ్చం పండుతాడు లెక్కనే ఉన్నవ్” అని ఏ గౌడన్నా అన్నట్టు నేను వినలేదు. అని ఉంటే లొట్టి అక్కడే పగిలేది. కల్లును నెత్తిన పెట్టుకొమ్మని చెప్పడం లేదు. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లుకు ప్రాణాలు పోయాయి, అదీ గుర్తుంది. తాగుడులోనైనా ఆ మాత్రం మర్యాద ఉండేదంటున్నాను, అంతే.

మనిషి గుణం బ్రూవరీలో బయటపడదనీ అనను. పడుతుంది. వెయిటర్‌ను “అరేయ్” అన్నప్పుడు, గ్లాసు పగిలితే తుడవడానికి వచ్చిన పిల్లాడి కోసం కాళ్ళు కూడా జరపనప్పుడు, “మరి నేను?” అని అడిగిన అమ్మాయి మొహం వాడినా పక్కవాళ్ళు నవ్వు ఆపనప్పుడు. వాటికి గ్లాసు మీద పేర్లు లేవు, అందుకే ఎవరూ చదవరు.

ఈ జాతకాలను బొత్తిగా నమ్మని యంత్రం ఒకటి మాత్రం ఉంది. శనివారం రాత్రి సర్వీసు రోడ్డులో బారికేడ్లు అడ్డంపెట్టి ట్రాఫిక్ పోలీసులు నోటి దగ్గర పెట్టేది. “క్రాఫ్టే తాగిన సార్, అది కూడా విట్” అని ఎంత మర్యాదగా చెప్పినా “జర గట్టిగ ఊదుండ్రి సార్” అనే సమాధానం వస్తుంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్. మొదటిసారి దొరికితే పదివేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఐపీఏలకు వేరే సెక్షన్ లేదు.